పొడుగు జడకు కుంకుడా, షాంపూనా? విశాఖ గాలికి ఏది మేలు?

నడుం దాకా దిగిన జడ కొసను చేతిలోకి తీసుకుని చూడండి. దాని వయసు నాలుగైదేళ్లు. జుట్టు నెలకు సెంటీమీటరు, మహా అయితే ఇంకాస్త పెరుగుతుంది. ఏడాదికి పదిహేను సెంటీమీటర్లు దాటడం అరుదు. అన్నేళ్ల తలంట్లు, దువ్వెన పళ్లు, హెల్మెట్ రాపిడి, బీచ్ రోడ్డు గాలి అన్నీ ఆ కొస మీదుగానే పోయాయి. 'నా జుట్టు ఇంతకంటే ఎదగదు' అని వాపోయేవాళ్లలో చాలామందికి మాడు దగ్గర ఎదుగుతూనే ఉంటుంది. పైన ఎదిగినంత మేరా కింద చిట్లి రాలిపోతుంది, అంతే. అందుకే కుంకుడుకాయా, షాంపూనా అన్న పాత తగువులో నేను చూసేది ఒకటే: ఆ ముసలి కొసను ఏది తక్కువ బాధపెడుతుంది?

కుంకుడుకు విశాఖలో కరువు లేదు. మన్యంలో ఏరిన కాయలు పాడేరు వైపు సంతలకు దిగుతాయి. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది. కుంకుళ్లు, సీకాయ గిరిజనుల దగ్గర కొనే సంస్థ అది. గింజ తీసేసిన పెచ్చులు గుప్పెడు రాత్రే వేడినీళ్లలో వేస్తే పొద్దుటికి మెత్తబడతాయి. పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే పెచ్చుల తునకలు జడ ఆరాక కూడా దువ్వెనకు తగులుతూనే ఉంటాయి. ఏ పూటకాపూట చేసుకోవాల్సిందే, నిలవుంటే పులుస్తుంది.

దీని గొప్ప ఏమిటంటే, నురుగు ఇచ్చే సాపోనిన్లు పెచ్చులోనే ఉంటాయి, రసానికి కొంచెం ఆమ్లగుణం ఉంటుంది. ఒంటికి రాసే సబ్బు క్షారం. సబ్బుతో తల రుద్దుకుంటే బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి తెల్లటి జిడ్డుగా వెంట్రుకకు పట్టుకుంటుంది. కుంకుడుకు ఆ బెడద లేదు. తలనిండా నూనె పెట్టుకున్న రోజున దాన్ని వదలగొట్టడంలోనూ దానికి సాటి లేదు.

మరి లోపం? ప్రకృతిది కాబట్టి సున్నితం అనుకోవడమే. కుంకుడు జిడ్డుతోపాటు వెంట్రుకకు అవసరమైన పలచటి నూనెపొరనూ లాగేస్తుంది. పైగా జారుడు ఇవ్వదు. కురచ జుట్టుకు అది పెద్ద విషయం కాదు. నడుం దాటిన జుట్టు మాత్రం కుంకుడు తలంటు తర్వాత చిక్కుపడి కూర్చుంటుంది. తడి వెంట్రుక ఎలాగూ సాగిపోయి బలహీనంగా ఉంటుంది, దాన్ని అప్పుడే దువ్వెనతో లాగుతాం. కొసలు తెగేది ఎక్కువగా అక్కడే. కళ్లలో పడితే మంట సంగతి సరేసరి. నోట్లో ఉప్పుకల్లు వేసుకోమనే పెద్దవాళ్ల చిట్కాతో మంట తగ్గినా తగ్గకపోయినా, పిల్లల ఏడుపు మాత్రం కాసేపు ఆగుతుంది.

సీకాయ దీనికంటే మెత్తన. నురుగు తక్కువ, చిక్కు తక్కువ. కానీ ఆముదం లాంటి చిక్కటి నూనెను వదిలించే సత్తా దానికి లేదు, పొడి గరుకు మాడు మీద మిగులుతుంది. కుంకుడులో కలిపి వాడితేనే బాగుంటుంది.

షాంపూకి వద్దాం. అందులో నురుగుకీ, జిడ్డు వదలడానికీ వేసే సల్ఫేట్ల పేరు వింటేనే భయపడేవాళ్లున్నారు. ఆ భయంలో సగమే నిజం. జుట్టంతా పోగుచేసి నెత్తిన పెట్టి బట్టలు ఉతికినట్టు రుద్దితే ఏ షాంపూ అయినా పాడు చేస్తుంది. కాస్త షాంపూని మగ్గు నీళ్లలో కలిపి, మాడుకు మాత్రమే వేళ్లతో పట్టించి, కడిగిన నీళ్లే కిందికి జారుతూ కొసలను శుభ్రం చేసేలా వదిలేస్తే చాలు. అసలు షాంపూ గెలిచేది దాని వల్ల కాదు, దాని వెంట వచ్చే కండిషనర్ వల్ల. దెబ్బతిన్న వెంట్రుక మీద రుణావేశం ఉంటుంది, కండిషనర్‌లోని ధనావేశపు అణువులు వెళ్లి సరిగ్గా ఆ చోట్లనే అతుక్కుంటాయి. వెంట్రుకకూ వెంట్రుకకూ మధ్య రాపిడి తగ్గుతుంది, చిక్కు వేళ్లతోనే విడిపోతుంది. చెవుల కింది నుంచి కొసల దాకా రాస్తే సరి, మాడుకు అక్కర్లేదు. ఇక 'కుంకుడు షాంపూ' అని బొమ్మ వేసి అమ్మే సీసాలుంటాయి. వెనక అట్ట చదివితే చాలావాటిలో నురుగు ఇచ్చేది మామూలు షాంపూలోని సరుకే.

ఇప్పుడు ఊరి సంగతి. విశాఖలో ఉక్కపోత ఏడాదిలో ఎక్కువ నెలలు ఉంటుంది. గాజువాక నుంచి బండి మీద సిరిపురం వచ్చేసరికి హెల్మెట్ లోపల మాడు తడిసిపోతుంది. వారానికి ఒక్క తలంటుతో సరిపెట్టుకోవడం కష్టం, రెండు మూడు తప్పవు. ఉద్యోగానికి వెళ్లే పొద్దున కుంకుళ్లు పిసికే తీరిక ఎవరికుంది? వానాకాలం అయితే ఫ్లాట్ బాల్కనీలో జుట్టు ఆరడానికే పూట పడుతుంది. తడిగా జడేస్తే వాసన, పైగా తెగడం. చుండ్రు ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది: దానికి కారణమైన ఈస్టు అనే శిలీంధ్రం నూనె తిని బతుకుతుంది. వాళ్లు రాత్రంతా మాడుకు నూనె పెట్టి పొద్దున కుంకుడుతో కడిగితే లాభం లేదు, ఆ ఈస్టును అణిచే కీటోకొనజోల్ మందున్న షాంపూ కావాలి.

నూనె మానమని కాదు. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూస్తే, వెంట్రుక నుంచి ప్రోటీన్ పోవడాన్ని చెప్పుకోదగ్గంత తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దిగగలదు. కాబట్టి తలంటుకు ముందు కొసలకు కొబ్బరినూనె రాయడం కుంకుడుకైనా షాంపూకైనా మేలే. ఆముదంతో జుట్టు ఎదుగుతుందన్న మాటకు మాత్రం సరైన ఆధారం లేదు. ఒత్తుగా ఉన్న పొడుగు జుట్టుకు అది జిగురై చిక్కును బిగించేస్తుంది.

నా ఓటు అడిగితే, భుజాల వరకే ఉండి, సాఫీగా, జిడ్డుగా ఉండే జుట్టుకు వారం వారం కుంకుడు నిక్షేపంగా వాడుకోవచ్చు. వీపు సగం దాటిందా, ఉంగరాలదా, రంగు వేసిందా, అయితే షాంపూ, కండిషనర్. భోగికీ దీపావళికీ కుంకుడు తలంటు పోసుకోండి, ఆ రోజు కూడా చివర్లో కండిషనర్ రాస్తే ఆచారం ఏమీ మైలపడదు.

ఊడిన వెంట్రుకను ఒకసారి వెలుతురులో పట్టి చూడండి. కొనకు తెల్లటి చిన్న గుండు ఉంటే అది కుదురు నుంచి ఊడింది, లేకపోతే మధ్యలో తెగింది. తెగినవాటికే పైన చెప్పిందంతా. రోజుకు యాభై నుంచి వంద దాకా కుదురు నుంచి ఊడటం మామూలే. జ్వరం వచ్చి తగ్గాకో, పురుడయ్యాకో రెండు మూడు నెలలకు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే తలకు ఏది రుద్దుకున్నా ఒకటే. ఐరన్, థైరాయిడ్ పరీక్షలు రాయించుకోవడానికి చర్మవైద్యుల దగ్గరకు వెళ్లాలి.