నల్లగొండలో వెస్టర్న్ ప్రాజెక్టు: ప్రింటు పని చేయించుకోండి, రెడీమేడ్ బండి కొనకండి

డిగ్రీలో అమెరికన్ సాహిత్యం చదివే పిల్లలకు వెస్టర్న్ కథల మీద, అంటే అమెరికా పడమటి ప్రాంతానికి జనం వలసపోయిన కాలపు కథల మీద ప్రాజెక్టు ఇస్తే, వాళ్లు ముందు వెళ్లేది క్లాక్ టవర్ చుట్టుపక్కల జిరాక్స్, బైండింగ్, ప్రాజెక్టు సామాన్ల దుకాణాలకే. అక్కడ ఏ పని బాగా అవుతుందో, ఏది చెడుతుందో చెప్పడానికే ఈ రివ్యూ.

అన్నిట్లోకీ బాగా వచ్చేది డైమ్ నవల తరహా చిన్న పుస్తకం. 5కి 4 మార్కులు వేయొచ్చు. 1860లో న్యూయార్క్‌లో బీడిల్ సంస్థ పది సెంట్లకు ఒకటి చొప్పున అమ్మిన కథల పుస్తకాలకు డైమ్ నవలలని పేరు. సైజు సుమారు 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు. ఏ4 కాగితాన్ని రెండుసార్లు మడిస్తే దాదాపు అంతే వస్తుంది. రెండు వైపులా ప్రింటు తీస్తే ఒక కాగితానికి 8 పేజీలు, అంటే 16 పేజీల పుస్తకానికి రెండు కాగితాలు చాలు.

తప్పు జరిగేది పేజీల వరుసలో. దుకాణంలో ‘బుక్‌లెట్’ అని నొక్కి ప్రింటు ఇచ్చేస్తారు. ఆ సర్దుబాటు సాధారణంగా ఒక్క మడతకే. రెండు మడతలకు వరుస చెదురుతుంది, కొన్ని పేజీలు తలకిందులవుతాయి. అందుకే ముందు తెల్లకాగితాలు మడిచి, అంచు కోయకుండా పెన్సిల్‌తో నంబర్లు వేసి, విప్పి ఆ నమూనా ఆపరేటర్ ముందు పెట్టాలి. ఒక్క కాపీ తీయించి మడిచి చూశాకే మిగతావి.

పాతకాలపు రంగు కోసం టీ డికాషన్‌లో ముంచాలనుకుంటే లేజర్ ప్రింటో జిరాక్సో తీయించండి. ఇంక్‌జెట్ ప్రింటు తడి తగలగానే పాకుతుంది. అర లీటరు నీళ్లలో రెండు చెంచాల టీపొడి మరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లార్చాక కాగితాన్ని ఒక నిమిషం ముంచితే చాలు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెప్పే కొలత) కాగితం తడికి చిరుగుతుంది, 100 జీఎస్ఎం అడగండి. మన ఎండలో ఆరేస్తే చుట్టుకుపోతుంది. నీడలో ఆరబెట్టి, ఒక రాత్రి బరువైన పుస్తకాల కింద ఉంచాలి.

స్పైరల్ వేస్తామంటే వద్దనండి, చిన్న పుస్తకంలో లోపలి మార్జిన్ దానికే పోతుంది. మామూలు స్టాప్లర్ మడత దాకా అందదు. మడత మీద మూడు రంధ్రాలు పొడిచి సూది దారంతో కుట్టడమే మేలు: లోపలి నుంచి నడిమి రంధ్రంలో బయటికి, పై రంధ్రంలో లోపలికి, కింది రంధ్రంలో బయటికి, మళ్లీ నడిమి రంధ్రంలో లోపలికి వచ్చి ముడి.

అట్ట మీద టోపీ, తుపాకీ వేసిన కౌబాయ్ బొమ్మ వద్దు. బీడిల్ వాళ్ల మొదటి డైమ్ నవల ‘మలైస్కా’లో ప్రధాన పాత్ర ఒక తెల్ల వేటగాణ్ణి పెళ్లాడిన ఆదివాసీ స్త్రీ. రాసింది కూడా ఒక స్త్రీ, ఆన్ స్టీఫెన్స్. ఈ సంగతి తెలిసిన విద్యార్థి కథ ఎవరి వైపు నుంచి చెప్పాలా అని ఆలోచిస్తాడు. ప్రాజెక్టు వల్ల రావాల్సింది అదే.

నేరస్థుణ్ణి పట్టిస్తే బహుమానమని చెప్పే రివార్డు పోస్టర్లు పర్వాలేదు. కాల్చిన అంచుల టెంప్లేట్ వదిలేసి, నిండా అక్షరాలతో చేయించండి. బహుమానం ఎవరిస్తున్నారు, రైలు కంపెనీయా, షెరీఫా అన్నది తప్పక ఉండాలి.

ఇక వలసపోయేవాళ్ల గుడారపు బండి, రెడీమేడ్‌ది. 5కి 1 ఇచ్చినా ఎక్కువే. థర్మాకోల్ బండికి గుర్రాలు కట్టి, ముందు మనిషిని కూర్చోబెడతారు. పడమటికి వలసపోయే ఓరెగాన్ దారిన పోయిన బండ్లలో ఎక్కువ వాటిని లాగింది ఎద్దులే, తోలేవాడు సాధారణంగా పక్కన నడిచేవాడు. ఎడ్లబండి చూసిన మన పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. సొంతంగా చేయాలంటే 1:20 కొలతలో తొట్టి పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 6. వెనక చక్రాలు 6.5, ముందువి 5.5 సెంటీమీటర్లు. ఐస్‌క్రీం పుల్లలు, చక్రాల ఆకులకు అగరుబత్తి పుల్లలు, గుడారానికి పాత కాటన్ గుడ్డ చాలు. అడుగు పలకకు థర్మాకోల్ వాడితే తెల్ల ఫెవికాల్‌తోనే అంటించి ఒక రాత్రి వదలండి. రబ్బరు సొల్యూషన్, స్ప్రే పెయింట్ రెండూ థర్మాకోల్‌ను కరిగించేస్తాయి.

రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు బోర్డు ప్రింటుకు ఫొటో కనీసం 3600 పిక్సెళ్ల వెడల్పు, 5400 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత పోతుంది, పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. తెలుగు వ్యాఖ్యలు యూనికోడ్‌లో ఉంటే పీడీఎఫ్ చేసి ఇవ్వండి, లేదంటే పాత పేజ్‌మేకర్‌లో ఒత్తులు ఊడిపోతాయి.

ఈ దుకాణాల్లో మన పిల్లలు అడగని మంచి పని ఒకటుంది: పారదర్శక షీట్ల మీద మ్యాపు. అమెరికాలో 1862 హోమ్‌స్టెడ్ చట్టం సాగుచేసుకునేవాళ్లకు తలా 160 ఎకరాలు ఇచ్చిందని రాసి వదిలేస్తే, ఆ నేల ఎవరిదన్న ప్రశ్న రాదు. 1951లో పోచంపల్లిలో భూదానంగా వచ్చింది 100 ఎకరాలని పక్కన రాస్తే 160 అంటే ఎంతో తెలుస్తుంది. ఆ ప్రాంతపు మ్యాపు మీద పరిచేందుకు మూడు షీట్లు: 1868 ఒప్పందంలో సూ అనే ఆదివాసీ జాతికి ఒప్పుకున్న భూమి, 1877లో వాళ్ల బ్లాక్ హిల్స్ కొండలు లాక్కున్నాక మిగిలింది, 1889లో ముక్కలు చేశాక మిగిలింది. లేజర్‌కు పనికొచ్చే షీటేనా అని ముందే అడగండి, మామూలు షీటు మెషీన్ వేడికి లోపలే కరిగి అతుక్కుంటుంది. మూడు షీట్లకూ నాలుగు మూలల్లో ఒకేచోట ప్లస్ గుర్తులు పెట్టించండి. అవి లేకపోతే ఒక గీత మీద ఇంకో గీత కూర్చోదు, నేల ఎంత తగ్గిందో కంటికి కనబడదు.