మెయిన్‌ఫ్రేమ్‌కి మళ్లీ పదును: అమీర్‌పేట బ్యాచా, ఇంట్లో ఎక్స్‌ప్లోరా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లు ఈమధ్య అందరూ ఒకటే అడుగుతున్నారు. పదేళ్లు, పదిహేనేళ్లు మెయిన్‌ఫ్రేమ్‌ల (బ్యాంకుల్లాంటి చోట్ల వాడే పెద్ద కంప్యూటర్ల) మీద కోబాల్ భాషలో పనిచేసి ఇంటికి వచ్చేసినవాళ్లు కొందరు, ఏళ్ల తరబడి ఒకే సపోర్ట్ ప్రాజెక్టులో ఉండిపోయినవాళ్లు కొందరు. మళ్లీ ఇంటర్వ్యూలకు వెళ్లాలంటే రిఫ్రెషర్ ఎక్కడ చేయాలి? ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి అమీర్‌పేటలో గది తీసుకోవాలా, ఆన్‌లైన్ బ్యాచ్‌లో చేరాలా, ఇంట్లోనే ఐబీఎం వాళ్ల ఉచిత ఆన్‌లైన్ శిక్షణ జెడ్ ఎక్స్‌ప్లోర్ చేసుకుంటే సరిపోతుందా?

నా ఓటు ఎక్స్‌ప్లోర్‌కే. డబ్బు కట్టక్కర్లేదన్నది చిన్న కారణం. పెద్ద కారణం వేరే ఉంది.

అనుభవం ఉన్నవాళ్లకు కోబాల్‌లో పెర్ఫార్మ్ ఎలా రాయాలో, జాబ్ నడిపించే జేసీఎల్‌లో ఫైళ్లు చూపే డీడీ స్టేట్‌మెంట్ ఎలా ఇవ్వాలో ఎవరూ నేర్పక్కర్లేదు. రెండు రోజులు కూర్చుంటే అవి వేళ్లకు వచ్చేస్తాయి. మనం దూరంగా ఉన్నప్పుడు ఏం మారిందో తెలియాలి, అది చేతితో చేసి చూడాలి. ఐబీఎం కంపైలర్ (ప్రోగ్రామ్‌ను మెషీన్ భాషలోకి మార్చేది) ఎంటర్‌ప్రైజ్ కోబాల్ 4.2కి సపోర్ట్ 2022 ఏప్రిల్‌తో ముగిసింది. 2013లో వచ్చిన వెర్షన్ 5 నుంచి కంపైలర్ లోపలి భాగమే కొత్తది. లోడ్ మాడ్యూల్ (నడవడానికి సిద్ధమైన ప్రోగ్రామ్) ఇక పాత పీడీఎస్ లైబ్రరీలో పెట్టడానికి కుదరదు, దాని కొత్త రూపం పీడీఎస్ఈ కావాలి. అంకెల ఫీల్డుల గుర్తును (సైన్) ఎలా చూడాలో చెప్పే నమ్‌ప్రాక్ ఆప్షన్‌లో మిగ్ అనే సెట్టింగే తీసేశారు.

దీనివల్ల ఏమవుతుందో ఒక చిన్న ఫీల్డుతో చూడండి. పిక్ 9(5), అంటే ఐదంకెల సంఖ్య అని రాసుకున్న ఫీల్డులోకి ఫైల్ నుంచి అంకెలకు బదులు స్పేసులు వచ్చాయనుకుందాం. మిగ్‌తో కంపైల్ చేసిన పాత ప్రోగ్రామ్‌లో దాన్ని సున్నాతో పోలిస్తే సమానమనే వచ్చి, ఏళ్ల తరబడి జాబ్ నిశ్శబ్దంగా నడిచి ఉండొచ్చు. కొత్త కంపైలర్‌లో అదే పోలిక వేరే ఫలితం ఇవ్వొచ్చు. అబెండ్ (జాబ్ మధ్యలో ఆగిపోవడం) లేదు, తప్పుడు డేటాకి వచ్చే ఎస్‌0సీ7 ఎర్రర్ లేదు, లెక్క మాత్రం తప్పు. ఎస్‌0సీ7 వస్తే కనీసం రాత్రే ఫోన్ వస్తుంది. ఇలాంటిది నెలాఖరు రిపోర్టు చూసేదాకా బయటపడదు. జోన్‌డేటా, నమ్‌చెక్ ఆప్షన్లు ఇందుకే ఉన్నాయి. ఆ తప్పుడు డేటా మీరే తయారుచేసి, ఆప్షన్ మార్చి మార్చి కంపైల్ చేసి, ఫలితం మారడం కళ్లారా చూస్తే ఇక మర్చిపోరు. అందుకు మీ యూజర్ ఐడీతో జాబ్ సబ్మిట్ చేసుకునే నిజమైన జెడ్‌ఓఎస్ (మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) కావాలి. ఎక్స్‌ప్లోర్ ఇచ్చేది అదే.

పైగా అందులో పని మొదలయ్యేదే వీఎస్ కోడ్ ఎడిటర్, దాన్ని మెయిన్‌ఫ్రేమ్‌కి కలిపే జోవీతో. జోవీ 2018లో వచ్చింది, అంతకుముందు ప్రాజెక్టు వదిలినవాళ్లు దాన్ని చూసే ఉండరు. పాత మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్ పచ్చ తెరకు అలవాటుపడ్డ కళ్లకు మొదటి వారం చిరాగ్గానే ఉంటుంది. అయినా పట్టుబట్టి చేయండి.

మన ఊళ్ల సంగతి కూడా ఆలోచించాలి. ఎక్స్‌ప్లోర్‌లో అటూ ఇటూ వెళ్లేది దాదాపు అంతా టెక్స్టే కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ చాలు. రాత్రి తొమ్మిదింటికి వీడియో క్లాసంటే గుణుపురంలో సిగ్నల్ మీద అంత భరోసా పెట్టుకోలేం. అక్టోబరు బ్యాచ్‌లో చేరేవాళ్లు 2013 ఫైలిన్, 2018 తిత్లీ తుఫాన్లను గుర్తుచేసుకోండి. కరెంటు పోతే క్లాసు పోయినట్టే. ఎక్స్‌ప్లోర్‌లో సేవ్ చేసిన డేటాసెట్ (ఫైల్) అవతలి మెషీన్‌లోనే ఉంటుంది. కాకపోతే సొంత ల్యాప్‌టాప్ వాడండి, ఆఫీసుదైతే ఫైర్‌వాల్ అడ్డుపడొచ్చు.

ఇన్‌స్టిట్యూట్‌ని తీసిపారేయడం లేదు. సీఐసీఎస్ (ఆన్‌లైన్ లావాదేవీలు నడిపేది), ఐఎంఎస్ (డేటాబేస్) మీద చేయి తిరగాలంటే ఇంట్లో దారి కష్టం, అక్కడ అడిగి చెప్పించుకోవడానికి మనిషి ఉంటాడు. ఒంటరిగా కూర్చుంటే చదువు సాగని స్వభావమైతే నలుగురి మధ్య కూర్చోవడమే మంచిది. నా అభ్యంతరం ఒక్కటే: బ్యాచ్‌లో కొత్తవాళ్లు ఎక్కువగా ఉంటే మొదటి వారాలన్నీ ఐఎస్‌పీఎఫ్ ప్యానెళ్లకే (పచ్చ తెర మెనూలకే) పోతాయి. పదిహేనేళ్ల అనుభవం ఉన్న మనిషి వాటికి ఫీజు కట్టి కూర్చోవడం నాకు బాధగా ఉంటుంది.

పీసీలో మెయిన్‌ఫ్రేమ్‌ను అనుకరించే హెర్క్యులిస్ మీద పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎంవీఎస్ 3.8 సరదాకి బాగుంటుంది. ఆ కోబాల్‌లో ఎండ్-ఇఫ్ కూడా లేదు, రిఫ్రెషర్‌కి పనికిరాదు. పీసీలో నడిచే కంపైలర్ గ్నూకోబాల్ భాష వరకు సరే. వీడియో కోర్సులు భోజనం చేస్తూ చూసుకోవచ్చు.

అన్నీ విన్నాక కూడా ఇన్‌స్టిట్యూట్‌కే మొగ్గితే, డెమో క్లాసులోనే ఒక కోబాల్ ప్రోగ్రామ్ కంపైల్ చేయించి లిస్టింగ్ (కంపైలర్ ఇచ్చే రిపోర్టు) పేజీ పైన చూడండి. 5655-ఎస్71 అని ఉంటే అది వెర్షన్ 4, డబ్బు కట్టొద్దు. 5655-ఈసీ6 ఉంటే వెర్షన్ 6. అప్పుడు ఫీజు గురించి మాట్లాడండి.