మైలాపూర్‌లో దొరికే కొచినీల్ ఎరుపు: పట్టుకు సరే, నూలుకు కాదు

చెన్నైలో సహజ రంగులతో అద్దకం చేసుకునేవారికి మంజిష్ఠ, కరక్కాయ, పటిక దొరకడం కష్టమేమీ కాదు. కొచినీల్ మాత్రం అంత తేలికగా దొరకదు. మైలాపూర్‌లో సహజ రంగులు అమ్మే ఒక చిన్న దుకాణం ఇప్పుడు దానిని ఎండు పురుగులుగానూ, నూరిన పొడిగానూ అమ్ముతోంది. రెండింటినీ కొని పట్టు మీద వాడి చూసి ఈ సమీక్ష రాస్తున్నాను.

కొచినీల్ అంటే నాగజెముడు జాతి మొక్కల మట్టలను అంటిపెట్టుకుని రసం పీల్చి బతికే పొలుసు పురుగుల రంగు. వాటిలో ఆడవాటిని ఏరి ఎండబెడతారు. ప్రపంచానికి ఎక్కువ సరుకు పెరూ నుంచి వస్తుంది. కిలోకు సుమారు 1,50,000 పురుగులు పడతాయి. దుకాణంవారు మాత్రం ప్యాకెట్ మీద 'సహజ ఎరుపు' అని రాసి ఊరుకున్నారు. పట్టు కోసమూ పురుగులను చంపుతారు కదా అని ఎవరైనా అనవచ్చు. అయినా అహింసా పట్టును ఏరి కొనుక్కునేవారూ, పూజకు కట్టుకునే చీర కోసం రంగు అడిగేవారూ మనలో ఉన్నారు కాబట్టి, అది దేని నుంచి తీసిన రంగో ముందే తెలియజేయడం అమ్మేవారి బాధ్యత.

సరుకు విషయానికి వస్తే, ఎండు పురుగులే కొనమని గట్టిగా చెబుతాను. మిరియపు గింజకన్నా చిన్నవిగా, బూడిద రంగులో, గాడులు పడిన ఒంటి మీద తెల్లని మైనపు పూతతో ఉంటాయి. ఒకదానిని తెల్ల పింగాణీ పళ్లెంలో తడి వేలితో నలిపితే ముదురు ఎరుపు ఒక్కసారిగా పరుచుకుంటుంది. దాని మీద నిమ్మరసం చుక్క పడితే నారింజ ఛాయకు, చిటికెడు బట్టల సోడా పడితే ఊదాకు తిరుగుతుంది. మేలురకం సరుకులో ఈ ఎరుపునిచ్చే పదార్థం, కార్మినిక్ ఆమ్లం, ఎండు బరువులో ఐదో వంతు దాకా ఉంటుంది. పొడి కొన్నప్పుడు అందులో ఏం కలిసిందో కంటికి తెలియదు. నేను తెచ్చిన పొడి, అదే తూకం పురుగులు ఇచ్చిన రంగులో సగం కూడా ఇవ్వలేదు.

పురుగు ఏ జాతిదో, ఎక్కడిదో ప్యాకెట్ మీద లేకపోవడం ఇంకో లోపం. ఈ రంగులో జాతి ఎంత ముఖ్యమో ఈ నగరం ఎప్పుడో చూసింది. కొచినీల్‌ను ఇక్కడే పండించాలన్న ఉద్దేశంతో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ 18వ శతాబ్దం చివరలో సైదాపేటలో నాగజెముడు తోట పెంచాడు. 1795లో బ్రెజిల్ నుంచి ఓడలో కలకత్తాకు చేరి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చినది మాత్రం అసలు కొచినీల్ కాదు, నాసిరకం రంగునిచ్చే అడవి జాతి. అది జెముడు మొక్కలను ఎండగొట్టిందే తప్ప కంపెనీ ఆశించిన ఎరుపును ఇవ్వలేదు.

వాడకంలో అసలు చిక్కు నీటితోనే వస్తుంది. మా బోరు నీటిలో కాచినప్పుడు పట్టు ఊదా కలిసిన గులాబీకి తిరిగింది. వడపోత యంత్రం నీటిలో, కొద్దిగా నిమ్మరసం చేర్చి కాచినప్పుడు నేను కోరుకున్న నిండు ఎరుపు వచ్చింది. 100 గ్రాముల పట్టుకు 10 గ్రాముల పురుగులు చాలు. వాటిని దంచి, రాత్రంతా నానబెట్టి, అరగంట కాచి, పలుచని బట్టలో వడగట్టాలి. పిప్పిని మళ్లీ కాస్తే ఇంకా రంగు దిగుతుంది కాబట్టి తొందరపడి పారేయకూడదు. పట్టును ముందుగా పటిక నీటిలో నానబెట్టాలి, రంగులో వేశాక మరగనివ్వకూడదు. గిన్నె స్టీలుదే ఉండాలి, ఇనుము తగిలితే ఎరుపు నల్లబడుతుంది. ఉతకడానికి సబ్బు వద్దు, కుంకుడు రసం మేలు.

నూలు మీద ఫలితం నిరాశపరిచింది. కరక్కాయ, పటిక పట్టించిన బట్ట మీద కూడా పట్టుకు వచ్చిన లోతు రాలేదు. కోరమాండల్ తీరంలో మన అద్దకంవారు నూలుకు ఎరుపు కోసం చిరువేరు అనే మొక్క వేరును ఎంచుకున్నది ఊరికే కాదు. నూలు అద్దేవారు కొచినీల్‌కు డబ్బు పెట్టకుండా అదే దుకాణంలో ఎరుపునిచ్చే మంజిష్ఠ తీసుకోవడం మంచిది. పట్టు అద్దేవారు మాత్రం, ధర మంజిష్ఠకన్నా బాగా ఎక్కువైనా, పొడి జోలికి పోకుండా తెల్లపూత చెదరని పురుగులను కళ్లారా చూసి, ముందు 50 గ్రాములు కొని చూడవచ్చు.