ఉపాధి హామీ పని: ఒక మేట్ రాస్తున్న రివ్యూ

మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి వైపు ఒక పల్లె. ఉపాధి పనిలో మా గ్రూపుకి నేనే మేట్‌ని. మస్టర్ (హాజరు పట్టీ) చూసుకునేదీ, ఫోన్‌లో హాజరు వేసేదీ నేనే. మా అత్త, తోడికోడలు అదే గ్రూపులో తట్టలు మోస్తారు. అందుకే ఈ పని గురించి కాగితం వైపు నుంచీ, గట్టు మీద నుంచీ కూడా చెప్పగలను. ఐదుకి మూడున్నర ఇస్తాను. చట్టం రాసినట్టు నడిచి ఉంటే ఐదుకి ఐదూ ఇచ్చేదాన్ని.

ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పని మొదలైంది. మొదటి విడత జిల్లాల్లోనే మా విజయనగరం ఉంది, శ్రీకాకుళం రెండో విడతలో చేరింది. ఆ చట్టంలో కుటుంబానికి ఏడాదికి 100 రోజులు, అడిగిన 15 రోజుల్లో పని అని రాశారు. 2014లో రాష్ట్ర విభజన తర్వాత కూడా మా జిల్లాలను వెనుకబడినవాటిలో చేర్చి జిల్లాకి ఏడాదికి 50 కోట్ల చొప్పున కొన్నేళ్లు ఇచ్చారు. ఆ డబ్బుతో ఏం జరిగిందో మా వీధిలో ఎవరినడిగినా చెప్పలేరు. ఉపాధి కూలి అలా కాదు, మనిషి పేరు మీద ఖాతాలో పడుతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇంకోటి, ఆడవాళ్ల కూలి. వరి కోతలకు వెళ్తే మగవాళ్లకు ఒక రేటు, మాకు ఒక రేటు. ఇక్కడ అందరికీ ఒకటే. మా తోడికోడలు కుటుంబం సంక్రాంతి దాటగానే హైదరాబాద్‌లో బిల్డింగ్ పనులకి పోయేది, పిల్లల చదువు మధ్యలో ఆగిపోయేది. ఇప్పుడు మరిది ఒక్కడే వెళ్తున్నాడు. ఆమె ఇక్కడే ఉండి చెరువు పని చేసుకుంటూ పిల్లల్ని బడికి పంపుతోంది. 2020 లాక్‌డౌన్‌లో నగరాల నుంచి తిరిగొచ్చిన మగవాళ్లకు కూడా దిక్కయింది ఈ పనే. ఆ వేసవిలో మా చెరువు పూడిక తీసినంత మళ్లీ ఎప్పుడూ తీయలేదు.

ఇక కూలి సంగతి. 2025-26లో మన రాష్ట్రానికి రోజుకు 307 రూపాయలు. పని దగ్గరికి వస్తే అందరికీ అంత పడదు. ఎందుకంటే కూలి కొలత మీద వస్తుంది. గ్రూపు మొత్తం ఎంత మట్టి తవ్విందో కొలిచి, నేల మెత్తదా గట్టిదా అన్నదాన్ని బట్టి రేటు కట్టి, ఆ మొత్తాన్ని హాజరైనవాళ్లకు పంచుతారు. మే నెలలో మా నేల గునపం దిగనంతగా బిగుసుకుపోతుంది. కొలవడానికి వచ్చిన మనిషి దాన్ని మెత్త నేల కింద రాస్తే ఆ వారం అందరికీ తగ్గిపోతుంది. ‘ఏటమ్మీ, ఇంతేనా పడింది?’ అని మా అత్త అడిగితే ఆ లెక్క విడమరిచి చెప్పడం నా వల్ల కాదు. కొలతలు గ్రూపు ముందే తీయాలి, నేల ఏ రకం కింద రాశారో అక్కడికక్కడే చదివి వినిపించాలి. దీనికి కొత్తగా బడ్జెట్ కూడా అక్కర్లేదు.

2023 జనవరి నుంచి హాజరు యాప్‌లోనే వేయాలి. రోజుకు రెండు ఫొటోలు. మా గట్టు దగ్గర సిగ్నల్ ఉండదు, ఫొటో ఎక్కేదాకా టెన్షన్. ఎండలో మట్టి మోసిన మనిషికి నా ఫోన్ వల్ల ఆ రోజు కూలి పోతే ఏం సమాధానం చెప్పాలి? పని చోట నీడ, తాగునీరు, మందుల పెట్టె ఉండాలనీ, ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్లను చూసుకోవడానికి ఒక ఆమెను కూలి ఇచ్చి పెట్టాలనీ చట్టంలో ఉంది. మా దగ్గర నీళ్ల క్యాన్ వస్తుంది. పిల్లలు మాత్రం చెట్టుకి కట్టిన చీర ఉయ్యాలలో ఉంటారు.

అన్నిటికన్నా నష్టం రసీదు దగ్గర జరుగుతోంది. పని కావాలని దరఖాస్తు ఇస్తే తేదీ వేసిన రసీదు ఇవ్వాలి. 15 రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది. అప్పటికీ పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి, మొదటి 30 రోజులకు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత సగం. మాకు ఎప్పుడూ నోటి మాటే. ‘ఎస్టిమేట్ అవ్వలేదు, వచ్చే వారం చూద్దాం’ అంటారు. రసీదు లేదు కాబట్టి ఆలస్యానికి సాక్ష్యం లేదు, భృతి ఊసే లేదు. ఒకసారి గ్రూపంతా సంతకాలు, వేలిముద్రలు పెట్టి కాగితం ఇచ్చాం. రసీదు చేతికొచ్చేదాకా అక్కడినుంచి కదల్లేదు. వారం తిరక్కుండా పని వచ్చింది. అప్పటినుంచి సామాజిక తనిఖీ వాళ్లు (పనుల లెక్కలు సరిచూసేవాళ్లు) ఊరికి వచ్చినప్పుడల్లా మొదట రసీదుల గురించే మాట్లాడుతున్నాను.

2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో కొత్త చట్టం ఆమోదించింది. 125 రోజులన్నారు, సంతోషం. అయితే ఇదివరకు కూలి డబ్బు మొత్తం కేంద్రమే ఇచ్చేది. కొత్త చట్టంలో ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. రాష్ట్రం వాటా ఆలస్యమైతే మా ఖాతాలో కూలి ఆలస్యం కాకూడదు. విత్తనాలు, కోతల సీజన్లో మొత్తం 60 రోజులు పని ఆపుతారట. ఉభాలప్పుడు (వరి నాట్లప్పుడు), కోతలప్పుడు ఎలాగూ మేం పొలాల్లోనే ఉంటాం, దాని గురించి బాధ లేదు. కానీ మా వైపు సగం పొలాలు వాన మీద ఆధారపడ్డవి. వాన వెనకబడితే ఉభాలూ వెనకబడతాయి. అప్పుడు పొలంలోనూ పని ఉండదు, ఇక్కడా ఉండదు. ఆపే తేదీలు క్యాలెండర్ చూసి కాకుండా, ఏ మండలంలో వాన ఎప్పుడు పడిందో చూసి వేయాలి.