ఠాగూర్ కవితలు, జర్మన్ గొంతులు: జెమ్లిన్‌స్కీ 'లిరిక్ సింఫనీ' సీడీ

మాది మదనపల్లె. 1919లో ఠాగూర్ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి రాసింది మా ఊరి బీసెంట్ కాలేజీలోనే. అక్కడే చదువుకున్న మా నాన్న ఆ మాట ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఆ ఠాగూర్ కవితల మీద ఒక ఆస్ట్రియా సంగీతకర్త ఏకంగా సింఫనీ కట్టాడని తెలిశాక ఆ సీడీ కోసం వెతకడం మొదలుపెట్టాను.

అలెగ్జాండర్ జెమ్లిన్‌స్కీ దీన్ని 1922-23లో రాశాడు. 1924లో ప్రాగ్‌లో మొదటిసారి వినిపించారు. నేను కొన్నది డాయిచ్ గ్రామోఫోన్ కంపెనీది. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాను లోరిన్ మాజెల్ నడిపించాడు. పాడింది డీట్రిచ్ ఫిషర్-డీస్‌కావ్, యూలియా వరాడి. ఏడు పాటలు, ముప్పావుగంటకు కాస్త అటూఇటూ.

పాటలన్నీ ఠాగూర్ కవితల పుస్తకం 'ది గార్డెనర్'లోవి. బెంగాలీ నుంచి ఠాగూరే ఇంగ్లీషు చేశాడు, అక్కడినుంచి జర్మన్‌కి వెళ్లాయి. మొదటి పాట బెంగాలీలో 'ఆమి చంచల హే'. చంచలం మనకూ ఉన్న మాటే, గాలికి ఆకు అల్లాడినట్టు తేలిగ్గా ఉంటుంది. జర్మన్‌లో అది 'ఫ్రీడ్‌లోస్' అయింది, అంటే శాంతి లేనివాణ్ణి అని. మాట బరువెక్కింది. జెమ్లిన్‌స్కీ పట్టుకున్నది ఆ బరువునే. డ్రమ్ములు, ఇత్తడి వాయిద్యాలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. మొదటిసారి విన్నప్పుడు ఇది ఠాగూర్ కాదేమో అనిపించింది. రెండోసారి కవిత ముందు పెట్టుకుని విన్నాను. దూరాల కోసం దాహం అన్నమాట దగ్గర గొంతు సాగుతుంటే, అది ఆయనదేనని ఒప్పుకున్నాను.

నా ప్రాణమంతా రెండో పాటలో ఉంది. యువరాజు వీధిలో రథం మీద వెళ్తుంటే ఒక అమ్మాయి మెడలోని కెంపుల గొలుసు తెంపి దారిలో విసురుతుంది. అతను తీసుకోడు. గొలుసు చక్రం కింద నలిగి దుమ్ములో ఎర్రటి మరక మిగులుతుంది. ఇదంతా ఆమె వాళ్లమ్మకు చెప్పుకుంటోంది. వరాడి మొదట్లో గబగబా, ఊపిరాడనట్టు పాడుతుంది, తల దువ్వుకుంటూ మాట్లాడే పిల్లలాగా. ఆర్కెస్ట్రా కూడా ఆ పిల్ల వెనకే పరుగెత్తుతుంది. ఆ హడావుడి వినీ వినీ, మరక దగ్గరికొచ్చేసరికి నాకు గొంతు పట్టేసింది.

ఇందులో మగ, ఆడ గొంతులు ఒక్కసారి కూడా కలిసి పాడవు. అతనొకటి, ఆమొకటి, మధ్యలో వాయిద్యాలు. పాడినవాళ్లిద్దరూ నిజానికి భార్యాభర్తలు. అది తెలిశాక ఆ ఎడం ఇంకా బాధపెట్టింది. మూడో పాటలో 'నువ్వు నా దానివి' అనే వరసను తర్వాత ఆల్బన్ బెర్గ్ అనే ఇంకో ఆస్ట్రియా సంగీతకర్త తన 'లిరిక్ సూట్'లో వాడుకున్నాడు. ఎందుకు వాడుకున్నాడో వింటే తెలుస్తుంది.

లోటు చెప్పాలంటే, మొదటి పాట ఉధృతిలో మగ గొంతును, అంటే ఫిషర్-డీస్‌కావ్‌ని, ఆర్కెస్ట్రా మింగేస్తుంది. అప్పటికి ఆయనకు యాభై దాటాయి, పైస్థాయిలో గొంతు కష్టపడుతోంది. అయితే ఒక్క మాటనూ నమిలేయడు. ఐదో పాట రెండు నిమిషాల్లో కోపంగా వచ్చిపోతుంది, నాకు పెద్దగా ఎక్కలేదు.

ఆన్‌లైన్‌లో పాత సీడీలు అమ్మేవాళ్ల దగ్గర కొంటే డబ్బాలో బుక్‌లెట్ లేదు. ముందే అడిగి కొనండి. కవితలు చేతిలో లేకుండా ఇది వినకూడదు. నేను ఏడు కవితలూ ఇంగ్లీషు నుంచి తెలుగు చేసి, నాన్న కోసం పెద్ద అక్షరాల్లో నోటుబుక్కులో రాశాను. చివరి పాటలో 'వెళ్లే దారికి దీపం ఎత్తి పట్టుకుంటాను' అన్నాక గొంతు ఆగిపోతుంది, వాయిద్యాలు చాలాసేపు సాగుతాయి. అక్కడ పేజీలో ఏమీ రాయకుండా ఖాళీ వదిలాను. నాన్న ఆ ఖాళీ మీద వేలు పెట్టుకుని, సంగీతం ఆగిందాకా వేలు తియ్యలేదు.