గేరు జారుతుంటే కేబుల్ బిగించాలా, చైను మార్చాలా?

గేర్ల సైకిలు మీద రోజూ ఆఫీసుకు వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది: గేర్లు ఇబ్బంది పెడుతుంటే కేబుల్ సరిచేసుకుంటే చాలా, చైను మార్చాలా, లేక దానితో పాటు ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికుండే పళ్లచక్రాల గుత్తి కూడా మార్చాలా? మొదటిదానికి పైసా ఖర్చుండదు, మూడోది అన్నింటికన్నా ఖరీదు. కాబట్టి లోపం ఎక్కడుందో ముందుగా తేల్చుకోవాలి.

లివర్ నొక్కిన తర్వాత గేరు ఆలస్యంగా పడుతున్నా, చైను పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కలేక టకటకలాడుతున్నా, కేబుల్ వదులైందని అర్థం. చైనును ఒక పళ్లచక్రం మీంచి మరోదాని మీదికి జరిపే భాగమైన వెనక డీరైలర్‌లోకి కేబుల్ దూరే చోట ఉండే మరను, సైకిలు వెనక నిలబడి చూస్తూ, గడియారం ముల్లుకు ఎదురు దిశలో కొద్దికొద్దిగా తిప్పితే సరిపోతుంది. అలా కాక, పెద్ద చక్రం మీదికి బాగానే ఎక్కి చిన్నదాని మీదికి దిగడానికి మొరాయిస్తుంటే, చాలాసార్లు కేబుల్ తొడుగులో తుప్పో మట్టో చేరి ఉంటుంది. వానాకాలం గడిచాక ఇది మామూలే. అప్పుడు బిగిస్తే ఇంకా చెడుతుంది కనుక కేబుల్‌నూ తొడుగునూ కలిపి మార్చాలి.

గేరు మార్చకుండానే, ఫ్లైఓవర్ ఎక్కుతూ బలంగా తొక్కినప్పుడు పెడల్ గభాలున జారిపోతే, అది చాలావరకు అరుగుదలే. వెనక బస్సు వస్తుండగా అలా జారడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. నా దృష్టిలో ఇక్కడ తీర్పు చెప్పవలసింది ఒక ఉక్కు స్కేలు. చైను సాగిందని అంటాం గానీ లోహం సాగదు. పిన్నులూ వాటిని పట్టి ఉండే భాగాలూ అరిగి, ప్రతి కణుపులోనూ సందు పెరుగుతుంది. పెడల్‌ను కాస్త నొక్కి చైనును బిగువుగా ఉంచి, ఒక పిన్ను నడిమధ్యన స్కేలు సున్నాను ఆనించి చూడండి. దాన్ని ఒకటిగా లెక్కిస్తే, కొత్త చైనులో 25వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. అది గీతను దాటి అంగుళంలో 16వ వంతు జరిగితే చైను ఒక్కటే మార్చండి. 8వ వంతు దాకా జరిగేదాకా ఆగితే, అరిగిన చైను ఫ్రీవీల్ పళ్లను కూడా తనకు తగ్గట్టు అరగదీసి ఉంటుంది. అప్పుడు రెండూ మార్చక తప్పదు. అందుకే పూర్తిగా పాడయ్యేదాకా నడిపించడం కన్నా, తొలి హద్దు దగ్గరే చైను మార్చడం మేలని నేను గట్టిగా చెబుతాను.

కొన్ని గేర్లలో బాగుండి కొన్నింటిలో రాసుకుంటుంటే, డీరైలర్ వేలాడే కొక్కెం వంగిందేమో మెకానిక్‌కు చూపించండి. డీరైలర్‌నే మార్చవలసిన అవసరం అరుదు.

కొత్త చైను వేయించాక, మీరు ఎక్కువగా వాడే గేరులో ఖాళీ రోడ్డు మీద గట్టిగా తొక్కి చూడండి. అక్కడ మాత్రమే జారుతుంటే ఆ చక్రం పళ్లు అరిగిపోయినట్టే, ఫ్రీవీల్ కూడా మార్చాలి. జారకపోతే పాతదాన్నే నిశ్చింతగా వాడుకోవచ్చు.