650 రూపాయల పేరులేని ఎస్‌ఎస్‌డీ ఎన్‌క్లోజర్: వేగం ఉంది, అడిగినదానికి జవాబే లేదు

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నాను, 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్, అంటే ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ డిస్క్‌లా వాడుకోవడానికి తొడుగు. డబ్బా మీద కంపెనీ పేరు లేదు, లోపల ఏ చిప్ ఉందో రాయలేదు. పెద్ద ఫైళ్లు కాపీ చేస్తే సెకనుకు 400 ఎంబీ దాకా వస్తోంది, ఈ ధరకి అది మంచి వేగమే. అయినా లైనక్స్ వాడేవాళ్లెవరినీ దీన్ని కొనమని చెప్పను. కారణం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రివ్యూల్లో అందరూ వేగం ఒక్కటే చూసి ఐదు చుక్కలు ఇచ్చేస్తున్నారు.

ఎన్‌క్లోజర్‌లో పెట్టిన ఎస్‌ఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌కి నేరుగా కనపడదు. మధ్యలో ఉన్న బ్రిడ్జ్ చిప్ దుబాసీ లాంటిది. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డ్రైవర్ స్కజీ అనే కమాండ్ల భాషలో అడుగుతుంది, చిప్ దాన్ని సాటా డిస్క్‌లకి అర్థమయ్యే ఏటీఏ భాషలోకి మార్చి డిస్క్‌కి అందించాలి. చౌక చిప్‌లు చాలా ప్రశ్నలకి డిస్క్‌ని అడక్కుండానే తమకు తోచిన జవాబు ఇచ్చేస్తాయి, కొన్నైతే తెలియని ప్రశ్న వినగానే బిగుసుకుపోతాయి. అందుకే డ్రైవర్ రాసేవాళ్లు ఏం అడగాలి, ఎంత అడగాలి, వచ్చిన జవాబుని ఎంత నమ్మాలి అని ఆచితూచి అడుగేస్తారు. లైనక్స్ మొదటి ఇన్‌క్వైరీలో, అంటే "నువ్వెవరు" అనే ప్రశ్నలో, 36 బైట్లే అడుగుతుంది, ఇంకా ఉందని పరికరం చెబితేనే ఎక్కువ అడుగుతుంది. చాలా యూఎస్‌బీ డిస్క్‌లకి మోడ్ సెన్స్ (డిస్క్ సెట్టింగులు చెప్పమనే కమాండ్) అడిగేటప్పుడు సరిగ్గా 192 బైట్లే అడుగుతుంది, ఎందుకంటే విండోస్ అలా అడుగుతుంది, ఆ డిస్క్‌లని తయారుచేసినవాళ్లు పరీక్షించింది దాని మీదే. కెపాసిటీ అడిగితే, సున్నా నుంచి లెక్కపెట్టి చివరి సెక్టార్ (డిస్క్‌లో చిన్న డేటా గడి) నంబర్ చెప్పాల్సింది పోయి మొత్తం సెక్టార్ల లెక్క చెప్పే పరికరాలున్నాయి, అంటే లేని సెక్టార్ ఒకటి ఉన్నట్టు చూపిస్తాయి, దాన్ని సరిచేయడానికి లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్లో విడిగా ఒక గుర్తు పెట్టారు. 2024లో ఇంకో మార్పు వచ్చింది. కొన్ని బ్రిడ్జ్‌లు, తగిలించిన కొద్దిసేపటి వరకు, డిస్క్ వివరాలకి బదులు తమ ఫర్మ్‌వేర్‌లో (చిప్ లోపలి ప్రోగ్రామ్‌లో) రాసి ఉన్న ఉత్తుత్తి విలువలు చెబుతున్నాయని తేలింది, దాంతో యూఎస్‌బీ డిస్క్‌ల విషయంలో ముందు డిస్క్‌ని ఒకసారి చదివి, ఆ తర్వాతే దాని లక్షణాలు అడుగుతున్నారు. ఇంత శ్రద్ధ తీసుకుంటున్న ఆ డెవలపర్లంటే నాకు చాలా గౌరవం.

ఇక మన ఎన్‌క్లోజర్ సంగతి. లోపల ఎస్‌ఎస్‌డీ ఉన్నా తిరిగే హార్డ్ డిస్క్ అని చూపిస్తోంది. ట్రిమ్ అంటే చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి చెప్పే కమాండ్, లైనక్స్ చూపించే ట్రిమ్ వరుసలో అన్నీ సున్నాలే, అంటే లేదనే. స్మార్ట్ వివరాలు (డిస్క్ తన గురించి, తన ఆరోగ్యం గురించి ఇచ్చే సమాచారం) అడిగితే మాత్రం ఎస్‌ఎస్‌డీ తనకి ట్రిమ్ వచ్చని చెబుతోంది. ఇలాంటప్పుడు ట్రిమ్‌ని బలవంతంగా ఆన్ చేయడానికి, కెర్నల్ సెట్టింగులుండే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ప్రొవిజనింగ్ మోడ్‌కి "అన్‌మ్యాప్" అని రాసేయండి, తగిలించినప్పుడల్లా అదే జరిగేలా యూడెవ్ రూల్ పెట్టేయండి అని సలహాలు చాలా కనిపిస్తాయి. దయచేసి మీ డేటా ఉన్న డిస్క్ మీద ఆ పని చేయకండి. డిస్క్‌కి ట్రిమ్ తెలిసినంత మాత్రాన మధ్యలో ఉన్న చిప్ ఆ కమాండ్‌ని సరిగ్గా మార్చి పంపుతుందన్న హామీ ఏమీ లేదు. పాత ఖాళీ ఎస్‌ఎస్‌డీ మీద నేను ప్రయత్నిస్తే కమాండ్ వెళ్లగానే ఎన్‌క్లోజర్ ఆగిపోయింది, కెర్నల్ రీసెట్ చేసింది, మళ్లీ ఆగింది, చివరికి కేబుల్ పీకాల్సొచ్చింది. నా అసలు కోపం ఇక్కడే. ట్రిమ్ లేకపోవడం తప్పు కాదు. తెలియని కమాండ్ వస్తే "ఇది నాకు రాదు" అని ఎర్రర్ ఇచ్చి పని కొనసాగించడానికి స్కజీలో పద్ధతి ఉంది, ఆ మాత్రం చేయని చిప్‌ని ఏ డ్రైవర్ మాత్రం సురక్షితంగా అడగగలదు?

దీనికంటే టెన్షన్ పెట్టేది రైట్ క్యాష్, అంటే రాయాల్సిన డేటాని డిస్క్ కాసేపు దాచుకునే తాత్కాలిక మెమరీ. ఉందో లేదో ఈ ఎన్‌క్లోజర్ చెప్పదు. చెప్పకపోతే లైనక్స్ రైట్ త్రూ (దాచుకోకుండా నేరుగా రాసేది) అనుకుంటుంది, కెర్నల్ సందేశాలుండే డీమెసేజ్‌లో ఆ మాట రాసి మరీ చెబుతుంది, ఆపైన "దాచుకున్నది డిస్క్ మీద రాసేయ్" అనే ఫ్లష్ కమాండ్లు పంపదు. ట్రిమ్ విషయంలో తెలియనప్పుడు "లేదు" అనుకోవడమే క్షేమం. క్యాష్ విషయంలో అది తిరగబడుతుంది, లేదనుకుంటే, నిజంగా ఉంటే, రాస్తుండగా కరెంటు పోయినా కేబుల్ ఊడినా డేటా గల్లంతు కావచ్చు. అందుకే బ్యాకప్‌కి దీన్ని నమ్మలేను.

ఒకేసారి చాలా కమాండ్లు పంపే యూఏఎస్ పద్ధతి ఆపేసి పాత యూఎస్‌బీ స్టోరేజ్ పద్ధతికి మార్చే క్విర్క్ (ఒక పరికరానికి మాత్రమే కెర్నల్లో పెట్టే మినహాయింపు) పెట్టి చూశాను. అంతకుముందు స్మార్ట్ అడిగినప్పుడు డ్రైవ్ మాయమై మళ్లీ వచ్చేది, అది ఆగింది, కానీ ఒకసారికి ఒక్క కమాండే కాబట్టి చిన్న ఫైళ్ల దగ్గర వేగం బాగా పడిపోయింది. ఇంకో చిక్కు, ఆ క్విర్క్ పరికరం చెప్పే వెండర్ (తయారీదారు), ప్రొడక్ట్ నంబర్లని బట్టి పనిచేస్తుంది. అదే చిప్, అవే నంబర్లతో మంచి ఫర్మ్‌వేర్ ఉన్న ఎన్‌క్లోజర్ రేపు మీరు తగిలించినా దానికీ అదే వర్తిస్తుంది.

షాపతను మంచివాడు. "స్పీడ్ వస్తోంది కదా సార్, ఇంకేం ప్రాబ్లం?" అన్నాడు గానీ ల్యాప్‌టాప్‌లో చూపిస్తే మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. ఇంకో 400 వేసుకుంటే చిప్ పేరు డబ్బా మీదే రాసి ఉన్నది దొరికింది. దాంట్లో ట్రిమ్ వరుసలో అంకెలు వాటంతట అవే కనిపించాయి, రైట్ బ్యాక్ క్యాష్ (ముందు దాచుకుని తర్వాత రాసేది) ఉందని కూడా చెప్పింది. అయినా ఊరికే నమ్మలేదు. ముందు అదే ఖాళీ డిస్క్ పెట్టి, ఫైళ్లు నింపి, ఫైల్ మారిందో లేదో తేల్చే చెక్‌సమ్‌లు రాసుకుని, కొన్ని చెరిపి, ట్రిమ్ నడిపి, కేబుల్ తీసి మళ్లీ పెట్టి మిగిలిన ఫైళ్లు సరిపోల్చాను. అన్నీ సరిపోయాయి. ఇప్పుడు బ్యాకప్ డిస్క్ దాంట్లోనే ఉంది.

పేరులేనిదానికి నా రేటింగ్ ఐదుకి రెండు, ఆ రెండూ వేగానికే.